చైను పొడుగా, మలుపు సులువా: డెల్టా చేలకు కోత మిషన్ ఎలా ఎంచుకోవాలి

కోత మిషన్ కొందామని షోరూముకి వెళ్తే మొట్టమొదట చెప్పేది హార్స్‌పవరు. 68 కావాలా, 70 కావాలా, కాస్త డబ్బులెక్కువైనా 93 తీసుకుంటారా అని. గోదావరి డెల్టాలో ఇంజను చాలక చేలో ఆగిపోయిన చైన్ మిషన్ని (టైర్ల బదులు రబ్బరు పట్టీల మీద నడిచేదాన్ని) ఇన్నేళ్ళలో నేను ఒక్కదాన్నీ చూడలేదు. ఆగినవి దిగబడి ఆగాయి, లేదా మూల తిరగబోయి చైను ఊడి ఆగాయి. అందుకని మిషన్ చూడ్డానికి వెళ్ళినప్పుడు సీటెక్కకండి. ముందు టేపు పట్టుకుని కిందికి వంగండి.

చైను పొడుగ్గా ఉంటే బురదలో తేలుతుంది, పొట్టిగా ఉంటే మూలల్లో చక్కగా తిరుగుతుంది. రెండూ ఒకే మిషన్లో పూర్తిగా దొరకవు. మీ చేలకి ఏది ఎంత కావాలో తేల్చుకునే పద్ధతి చెబుతాను. మాది భీమవరం వైపు, సొంతానికీ కిరాయికీ మిషన్లు తిప్పుతున్నాం. మా చేలు పల్లపు రేగడి. మీవి కోనసీమలో ఇసుక కలిసిన చేలైతే లెక్క అదే, వచ్చే జవాబు వేరు.

అసలు చైనే కావాలా?

ఇది ముందు తేల్చుకోండి. ఎక్కువసేపు పట్టదు. మీరు కోసేది దాళ్వా (రబీ వరి) ఒక్కటే అయితే, ఏప్రిల్‌లో మడి నెర్రెలు విచ్చి ఉంటే, 14 అడుగుల కట్టరున్న టైరు మిషన్ పిలిపించుకుంటే చాలు. కిరాయి తక్కువ, పని తొందర. సొంతంగా చైన్ మిషన్ కొని దాళ్వాకే వాడితే రబ్బరు అరగదీసుకోవడం తప్ప మిగిలేదేం లేదు.

సార్వా (ఖరీఫ్ వరి) దగ్గరే గొడవ. నవంబరు, డిసెంబరుల్లో కోత, అదే సమయానికి బంగాళాఖాతంలో వాయుగుండాలు. స్వర్ణ లాంటి రకం గింజ బరువుకి వాన తోడై పడిపోతుంది. పడిన చేను కింద నీళ్ళు నిలబడితే నాలుగు రోజుల్లో మొలకలొస్తాయి. అప్పుడు ఎనిమిది టన్నుల టైరు మిషన్ గట్టు దాటి లోపలికి రాలేదు. ఇంకో సంగతి, చుట్టూ చేపల చెరువులైపోయిన ఊళ్ళలో మధ్యలో మిగిలిన వరిచేలకి ఊట నీరు ఆగదు. అక్కడ దాళ్వాకి కూడా చైన్ మిషనే దిక్కు.

ఊచ పట్టుకుని చేలోకి దిగండి

మిషన్ ఎంచుకునే పని మొదలయ్యేది షోరూములో కాదు, మీ చేలో. కోతకు వారం, పది రోజుల ముందు నీరు తీసేసి ఉంటారు కదా, అప్పుడు దిగండి. బొటనవేలంత లావు ఇనప ఊచ ఒకటి తీసుకుని రెండు చేతులతో బరువేసి గుచ్చండి. ఏటా దమ్ము చేసే మడిలో పైన బురద, దాని కింద గట్టిపొర ఉంటాయి. ఊచ టక్కున ఆగితే గట్టిపొర తగిలినట్టు. అక్కడికి గుర్తు పెట్టుకుని బయటికి తీసి కొలవండి.

మడి నడిమధ్యన ఒక్కచోట గుచ్చి వచ్చేస్తే లాభం లేదు. బోదె (చేలకి నీరిచ్చే పిల్లకాలవ) పక్కన, తూము నోట్లో, మురుగు కాలవ వైపు, చెరువు గట్టు ఉంటే దాని వెంబడి కూడా చూడాలి. మా చేలో నడుమ జానెడు లోతుంటే చెరువు గట్టు పక్కన మోకాలి దాకా ఉంటుంది. మిషన్ దిగబడేది ఎప్పుడూ ఆ పక్కనే.

తర్వాత షోరూములో మిషన్ కడుపు కింద, నేలకీ అడుగు రేకుకీ మధ్య ఎంత ఖాళీ ఉందో టేపుతో మీరే కొలవండి. కాగితంలో రాసింది వద్దు. బురద లోతు ఆ ఖాళీ కంటే తక్కువైతే మిషన్ గట్టిపొర మీద నడిచిపోతుంది, చైను కాస్త పొట్టిదైనా బెంగ లేదు. ఎక్కువైతే కడుపు బురద మీద కూర్చుంటుంది, చైన్లు రెండూ ఊరికే తిరుగుతాయి. అలాంటి చేలకి చైను గట్టిపొర దాకా దిగకూడదు, బురద మీదే తేలాలి. పొడుగు, వెడల్పుల లెక్క కావలసింది అప్పుడే.

చైను మీది అంకెలు చదవడం

రబ్బరు చైను మీద మూడు అంకెలు అచ్చుపోసి ఉంటాయి. ఉదాహరణకి 500×90×51 అని ఉందనుకోండి. 500 అంటే చైను వెడల్పు, మిల్లీమీటర్లలో. 90 అంటే ఒక లింకు నుంచి పక్క లింకుకి దూరం. 51 లింకుల సంఖ్య. 90ని 51తో గుణిస్తే 4,590, అంటే చైను చుట్టుకొలత సుమారు నాలుగున్నర మీటర్లు. అదే 56 లింకులైతే 5,040.

సేల్స్ కుర్రాడు ‘మా 56 లింకుల చైను 51 లింకుల దానికంటే 45 సెంటీమీటర్లు పొడుగండి’ అంటాడు. అబద్ధం కాదు. కానీ అది చుట్టుకొలత. చైనులో సగం పైన గాలిలో ఉంటుంది కదా, నేల మీద ఆనే పొడుగు పెరిగేది అందులో సగమే, మహా అయితే 22 సెంటీమీటర్లు. మీకు కావలసింది ఆనే పొడుగు. మిషన్ని చదునైన గచ్చు మీద నిలబెట్టి, ముందు రోలరు (చైను లోపల దొర్లే చక్రం) కింద నేలకి తగిలే చోటు నుంచి వెనక తగిలే చోటు దాకా కొలుచుకోండి.

కెనడాలో ఉండే మా చుట్టాలబ్బాయి ఒకడు మంచు మీద నడిపే స్నోమొబైల్ కొనుక్కుంటూ ఇదే గొడవ చెప్పాడు. చదును చేసిన దారుల మీద తిరిగేవాళ్ళు 137 అంగుళాల బెల్టున్నది తీసుకుంటారట, కొండల్లో లోతు మంచులోకి వెళ్ళేవాళ్ళు 154, 165 అంగుళాలవి. పొడుగుది మంచులో తేలుతుంది గానీ మలుపులో మొండికేస్తుందని వాడి బాధ. ఆ అంకెలు కూడా చుట్టుకొలతలేనట. వాడికి మంచు, మనకి అడుసు!

ఇప్పుడు అసలు లెక్క. రెండు చైన్ల వెడల్పు కలిపి ఆనే పొడుగుతో గుణిస్తే నేల మీద ఆనే జాగా వస్తుంది. మిషన్ బరువుని దానితో భాగించాలి. 3,000 కిలోల మిషన్, 50 సెంటీమీటర్ల వెడల్పు చైన్లు, ఆనే పొడుగు 150 సెంటీమీటర్లు అనుకుందాం. జాగా 15,000 చదరపు సెంటీమీటర్లు, చదరానికి 200 గ్రాముల బరువు. ఇది ఖాళీ మిషన్ సంగతి. గింజల ట్యాంకులో 75 కిలోల బస్తాలు తొమ్మిది నిండితే మరో 675 కిలోలు చేరి చదరానికి 245 గ్రాములవుతుంది. దిగబాట్లు ఎక్కువగా ట్యాంకు నిండబోయేప్పుడు జరిగేది ఇందుకే.

ఇదే 56 లింకుల మిషన్ అనుకోండి. బరువు 3,200, ఆనే పొడుగు 172. ట్యాంకు నిండినా 225 గ్రాముల దగ్గర ఆగుతుంది. బరువు పెరిగీ ఒత్తిడి తగ్గింది.

ఈ అంకెలు మనసుకి పట్టకపోతే ఇలా చూడండి. 70 కిలోల మనిషి ఒంటికాలి మీద నిలబడితే పాదం జాగా 200 చదరపు సెంటీమీటర్లనుకున్నా చదరానికి 350 గ్రాములు పడుతుంది. నడిచేటప్పుడు ప్రతి అడుగూ ఒంటికాలే. అంటే మీరు చేలో నడిస్తే చీలమండ దాకా దిగే చోట, నిండు ట్యాంకు మిషన్ అంతకన్నా తక్కువే దిగాలి. మీ కాలు మోకాలి దాకా పోయే చోట మాత్రం ఏ చైనునీ నమ్మకండి, ఆ మూల కొడవలితో కోయించుకోండి.

ఒక మాట గుర్తుంచుకోండి. పొడుగు కంటే ముందు వెడల్పు అడగండి. 45 సెంటీమీటర్ల వెడల్పు చైను బదులు 50ది వేస్తే ఇందాకటి మిషన్‌కి 1,500 చదరపు సెంటీమీటర్ల జాగా కలిసొస్తుంది. అదే జాగా పొడుగులో తేవాలంటే దాదాపు 17 సెంటీమీటర్లు పెంచాలి. వెడల్పు పెరిగితే మలుపు అంతగా చెడదు. పొడుగు పెరిగితే చెడుతుంది.

మలుపు లెక్క

చైన్ మిషన్ కారులా తిరగదు. ఒక పక్క చైను ఆగో, నెమ్మదించో, రెండోది దాన్ని చుట్టి వస్తుంది. అప్పుడు చైను ముందు కొసా వెనక కొసా నేల మీద అడ్డంగా ఈడ్చుకుపోతాయి. ఎంత పొడుగుంటే అంత ఈడ్పు. దీనికో కొలత ఉంది. నేల మీద ఆనే పొడుగుని, రెండు చైన్ల నడిమధ్యల దూరంతో భాగించండి. 150ని 115తో భాగిస్తే 1.3, చక్కగా తిరుగుతుంది. 172 అయితే 1.5, ఓపిగ్గా తిప్పాలి. 1.7 దాటితే మొరాయిస్తుంది, గట్టు వారగా మట్టిని కుప్పపోస్తుంది.

ఈ తేడా మీకు ఎంత ముఖ్యమనేది మీ మడి సైజు చెబుతుంది. 40 మీటర్లకి 40 మీటర్ల మడి, అంటే దాదాపు 40 సెంట్లు. కట్టరు రెండు మీటర్లది. చుట్టూ తిరుగుతూ కోస్తే పది చుట్లు, చుట్టుకి నాలుగు మూలలు, మొత్తం 40 మూలలు. గంటకు నాలుగు కిలోమీటర్ల నడకలో ఉత్త కోతకి పట్టేది 12 నిమిషాలే. మూలకి 20 సెకన్లు పడితే మూలలకే 13 నిమిషాలు, 35 సెకన్లు పడితే 23 నిమిషాలు. కోత కన్నా మూలలకే రెట్టింపు! అలాంటి మళ్ళు రోజుకి ఇరవై కొయ్యాలంటే ఏమవుతుందో చూసుకోండి. డీజిలు తాగేది కోత కాదు, మూల.

అదే రెండున్నర ఎకరాల పెద్ద చెక్క, వంద మీటర్లకి వంద మీటర్లు అయితే ఉత్త కోతే 75 నిమిషాలు. మూలలు వంద, మూలకి 15 సెకన్లు ఎక్కువైనా 25 నిమిషాలే. అక్కడ పొడుగు చైను ఖరీదు తెలియదు. పైగా తిన్నగా పోయేటప్పుడు పొడుగు చైనే హాయి, ముందు మట్టిని తోసుకోకుండా బురద మీద సాఫీగా పోతుంది.

అందుకే కోనసీమలో కొబ్బరితోటల మధ్య ఇరుక్కున్న ఇరవై, ముప్పై సెంట్ల చేలకి పొట్టి చైనూ వెడల్పు రబ్బరూ చెబుతాను. ఆకివీడు వైపు కొల్లేరు పల్లంలో పెద్ద చెక్కలకి పొడుగుది. కిరాయికి తిప్పేవాళ్ళకి జవాబు కష్టం. తుఫాను తర్వాత వారం రోజులు చేలోకి దిగగలిగిన మిషన్‌దే రాజ్యం, మిగతా నెలంతా మూలలు తొందరగా తిరిగేదానిది. నేనైతే మధ్యరకం చైను, వెడల్పు 50, కడుపు కింద ఖాళీ ఎక్కువున్నది చూస్తాను.

స్టీరింగు పద్ధతి కూడా అడగండి. పాత పద్ధతిలో లివరు లాగితే ఆ పక్క చైను బ్రేకు పడి నిలబడిపోతుంది, రెండోది దాని చుట్టూ తిరుగుతుంది. గట్టి నేల మీద బాగానే ఉంటుంది. అడుసులో నిలబడిపోయిన చైను గుంట తవ్వుతుంది. కొత్త వాటిల్లో మలుపులో కూడా రెండు చైన్లూ నడుస్తూనే ఉంటాయి, లోపలిది నెమ్మదిగా. ధర ఎక్కువే. కానీ సార్వాలో పనిచేసేవాడికి పది హార్స్‌పవర్లు ఎక్కువుండడం కంటే ఇది మేలు.

ఇది నాకెలా తెలిసిందంటే, తెలియక కొన్నాను కాబట్టి. మొదటి మిషన్ అమ్మిన డీలరు డెమో తన ఆవరణలో ఎండిన గ్రావెల్ మీద చూపించాడు. బొంగరంలా తిరిగింది. మురిసిపోయి అడ్వాన్సు ఇచ్చేశాను. ఆ డిసెంబరులో వాన వెలిశాక చెరువు పక్క చేలో దించాం. సాయంత్రం ఐదయింది, ట్యాంకు ముప్పాతిక నిండింది. మూల దగ్గర కొంచెం వెనకాడాను. డ్రైవరు ‘ఆయ్, పోద్దండీ, మీరు గట్టెక్కండి’ అన్నాడు. కుడి లివరు లాగాడు. కుడి చైను ఆగింది, దాని పక్కన అడుసు గంపెడు లేచి రోలర్ల మధ్యకి దూరింది. ఎడమది తిరుగుతూనే ఉంది. టప్‌మని ఒక చప్పుడు. కుడి చైను స్ప్రాకెట్ (చైనుని తిప్పే పళ్ళ చక్రం) మీంచి పక్కకి జారి, రబ్బరు అంచు పైకి మడతపడి కనిపించింది. మిషన్ ఆ పక్కకి ఒరిగింది.

రాత్రి రెండయింది పైకి తేవడానికి. ఆరుగురం, రెండు గునపాలు, నాలుగు తాటి దుంగలు. ముందు దుంగలు తోశాం, అవీ కుంగాయి. అప్పుడు మా పాలేరు వచ్చి ‘గింజలు తియ్యకుండా ఏం లేపుతారు బాబూ’ అన్నాడు. బక్కెట్లతో ట్యాంకు ఖాళీ చేస్తే గానీ కదల్లేదు. మీకు దిగబడిందా, మొదట చేయాల్సింది అదే: ట్యాంకు ఖాళీ చెయ్యడం. లివర్లు అటూ ఇటూ లాగి చూడ్డం కాదు. లాగిన కొద్దీ దిగుతుంది.

డెమో మీ చేలోనే

గ్రావెల్ మీద డెమో చూడకండి. మీ చేలో, మీరు ఊచ గుచ్చి లోతు చూసుకున్న పక్కనే అడగండి. ఒప్పుకోని డీలరు దగ్గర కొనకండి, అంతే.

ట్యాంకు నిండే దాకా కోయించండి. నిండాక ఎడమకి ఒక మలుపు, కుడికి ఒక మలుపు, ఎనిమిది అంకెలా. ఎడమా కుడీ ఒకేలా తిరుగుతోందా గమనించండి. కొన్ని మిషన్లలో ట్యాంకూ ఇంజనూ బరువు ఒక పక్కకి ఉండి ఆ పక్క ఎక్కువ దిగుతాయి. పక్కనుంచి చూడండి, ట్యాంకు నిండాక మిషన్ వెనక్కి కూర్చుందా? వెనక్కి కూర్చుంటే చైను ముందు భాగం ఊరికే తేలుతున్నట్టు, మీరు డబ్బు పెట్టి కొన్న పొడుగులో కొంత పనిచెయ్యనట్టు.

మిషన్ వెళ్ళాక చాళ్ళ లోతు కొలవండి. తిన్నగా పోయిన చోటొకటి, మూలలో ఒకటి. రెండింటికీ తేడా బెత్తెడు దాటితే ఆ మిషన్‌కి మలుపులు పడవు. వరి మాగాణిలో కోతకు ముందే మినుము చల్లేవాళ్ళకి ఇది మరీ ముఖ్యం. తిన్నగా పోయిన చాలులో మొలక కొంతైనా నిలుస్తుంది, మూలలో మిషన్ పిసికిన చోట గింజ మట్టిలో కలిసిపోతుంది.

లగ్గులు కూడా చూడాలి. చైను బయటివైపు ఎత్తుగా ఉండే రబ్బరు కడ్డీలవి. మా రేగడి మట్టి జిగురు, లగ్గులు దగ్గర దగ్గరగా ఉంటే సందులన్నీ పూడి చైను నున్నటి పట్టీ అయిపోతుంది. రెండు మూలలు తిరిగాక మిషన్ ఆపించి, సందుల్లో మట్టి దానంతటది రాలుతోందా లేదా చూడండి. ఇసుక చేలవాళ్ళు ఈ సంగతి వదిలేయొచ్చు.

రోలర్లు లెక్కపెట్టండి. పొడుగు చైనుకి రోలర్లు తక్కువుంటే బరువు రోలరు కింద మాత్రమే పడి, మధ్య రబ్బరు పైకి ఉబ్బుతుంది. అప్పుడు ఇందాకటి లెక్క కాగితం మీదే మిగులుతుంది.

దారి సంగతి

మిషన్ చేలోకి వెళ్ళాలంటే పుంత (చేలకి పోయే మట్టిదారి) దాటాలి. మీ పుంతలో ఇరుకైన చోటు ఎంతో, బోదెల మీద పలకలు ఎంత బరువు ఆపుతాయో ముందే చూసుకోండి. చైన్లు వెడల్పు పెంచుకుంటూ పోతే పుంతలో పట్టదు, అదీ దానికున్న హద్దు. సిమెంటు రోడ్డు మీద చైను నడిపితే లగ్గులు అరిగిపోతాయి, ఊరు మారాలంటే లారీ తప్పదు. లారీ పలకల మీద ఎక్కేప్పుడు మలుపు లివరు ముట్టుకోకూడదు, తిన్నగా ఎక్కాలి. గట్టు దాటేటప్పుడూ అంతే, అడ్డంగా కాదు, ఎదురుగా. పొడుగు చైను గట్టు మీద తూగి ముందుకి దభీమని పడుతుంది. గట్టుకి రెండు పక్కలా గడ్డి మోపులు పరిస్తే కుదుపు తగ్గుతుంది.

డబ్బు కట్టే ముందు

బిల్లులో మోడల్ పేరొక్కటే రాయించుకోకండి. చైను సైజు ఆ మూడు అంకెలతో సహా రాయించండి. ఒకే మోడల్‌కి రెండు రకాల చైన్లు వచ్చే వీలుంటుంది, డెమోకి తెచ్చినదీ ఇంటికి పంపేదీ ఒకటే కానక్కర్లేదు. ఆ సైజు చైను దగ్గర్లో స్టాకు ఎవరి దగ్గరుందో అడిగి, ఫోన్ చేసి రూఢి చేసుకోండి. డిసెంబరులో చైను తెగితే పొరుగు రాష్ట్రం నుంచి వచ్చేదాకా కోత మీ కోసం ఆగదు.

మిషన్ ఇంటికొచ్చాక మొదటి వారం రోజూ సాయంత్రం చైను బిగువు చూడండి. కొత్త రబ్బరు సాగుతుంది. వదులైతే మూలలో ఊడుతుంది, మరీ బిగిస్తే రోలర్ల బేరింగులు తింటుంది. ఎంత వదులుండాలో మిషన్‌తో వచ్చే పుస్తకంలో ఉంటుంది, దాని ప్రకారమే బిగించండి. చూసేముందు రోలర్ల మధ్య మట్టి నీళ్ళతో కడిగేయండి. ఎండిన మట్టి మీద కొలిస్తే చైను బిగువుగా ఉన్నట్టే అనిపిస్తుంది, పొద్దున్నే తడి చేలో దిగగానే వదులై వేలాడుతుంది.